వరసకో పోగు

తిమ్మప్ప తువ్వాల పదకొండు రోజులుగా మేకుకు వేలాడుతూనే ఉంది. ఉతుకుదామని కస్తూరమ్మ రెండుసార్లు చెయ్యి చాపింది. రెండుసార్లూ కూతురు వీణ అడ్డం వచ్చింది.

"మాసిన గుడ్డ మే అది. ఉతికి ఆరేస్తే మీ నాయిన మళ్లా భుజాన ఏసుకుంటాడు."

"ఏసుకోడు" అంది వీణ. "అట్లే ఉండనీమ్మా. దాంతో ఇంకా పని ఉండాది."

కస్తూరమ్మ బిత్తరపోయి చూసింది. వీణ బడిలో హాజరు పలకడానికి కూడా సిగ్గుపడే పిల్ల. చుట్టాలొస్తే రాట్నం వెనక దూరే పిల్ల. మనసులో మాటలన్నీ పాత నోటుబుక్కులో రాసుకుని బియ్యం డబ్బా కింద దాచుకునే పిల్ల. అలాంటిది మేకు వైపు రెప్ప వెయ్యకుండా చూస్తుంటే తల్లి చాపిన చెయ్యి వెనక్కు తీసుకుంది.

తువ్వాల మీద అరచేయంత మరక ఉంది. పసుపూ కుంకుమా దుమ్మూ కలిసిన మరక. అది ఎట్లా అంటిందో తెలియాలంటే ముందు మగ్గాలపల్లె సంగతి తెలియాలి.

యెమ్మిగనూరు నుంచి ఆదోని పోయే బస్సెక్కి, దారిలో దిగి, పత్తి చేల మధ్య అరగంట నడిస్తే వస్తుంది ఆ ఊరు. నూట నాలుగు ఇండ్లు. అందరూ నేతవాళ్లే, అందరి ఇలవేల్పూ చౌడమ్మే. అయినా ఊరు మూడు వరసలు. నాలుగిండ్లు నూలు అమ్మేవాళ్లవి. అది నూలు వరస. పదిహేడిండ్లకు సొంత మగ్గాలు, సొంత సరుకు. అది సొంత వరస. మిగిలిన ఎనభై మూడిండ్లు పరాయి నూలు తెచ్చుకుని కూలికి నేసేవి. అది కూలి వరస.

ఊరి విషయం ఏదైనా చావడిలో తేలాలి. చావడి నడుమ పసుపు కుంకుమ పూసిన ఒక మట్టికుండ ఉంటుంది. మాట అడిగిన తర్వాత ఒక్కో వరస పెద్ద లేచి, దారం చుట్టిన కండె ఒకటి అందులో వేస్తాడు. ఎర్ర కండె వేస్తే సరే అని. తెల్ల కండె వేస్తే కాదని. వరసకో కండె, మొత్తం మూడే కండెలు. నూలు వరస ఎటు వేస్తే సొంత వరస అటే వేస్తుంది. వేయక ఏం చేస్తుంది? ఆ ఇంటి పిల్లలు ఈ ఇంటి కోడళ్లు, ఈ ఇంటి పెండ్లికి ఆ ఇంటి పందిరి. కూలి వరస తెల్ల కండె కుండలో పడి పడి, దాని దారం కూడా ఊడిపోవచ్చింది గానీ ఒక్కసారి గెలిచిన పాపాన పోలేదు.

పదకొండు రోజుల కిందట చావడిలో అడిగిన మాట పడుగు బయలు గురించి. పడుగు బయలంటే ఊరి తూర్పున ఉన్న పొడుగాటి ఖాళీ జాగా. కూలి వరస వాళ్లు తెల్లారకముందే అక్కడ నిలువు పోగులు బారుగా సాపి, గంజి పెట్టి, కుంచె తోలి దువ్వి, ఎండ ముదిరేలోగా చుట్టుకుని పోతారు. ఆ బయలు లేకపోతే పడుగు లేదు, పడుగు లేకపోతే మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని ఉత్తినే కూర్చోవాల్సిందే. సొంత వరస వాళ్లకు ఆ బాధ లేదు. మిషను మీద తయారైన పడుగు యెమ్మిగనూరు నుంచి ఆటోలో దిగుతుంది.

నూలు వరస పెద్ద ప్రకాష్ ఆ బయల్లో గోడౌను కడతానన్నాడు. ఎర్ర కండె వేశాడు. సొంత వరస పెద్ద మహానంది, ఊరి సంఘానికీ ఆయనే పెద్ద, ఇంకో ఎర్ర కండె వేశాడు. ఆయన కూతుర్ని ప్రకాష్ తమ్ముడికి అడిగి నెల కూడా కాలేదు. కూలి వరస తరఫున ఆ ఏడు కండె పట్టింది తిమ్మప్ప. ఆయన తెల్లది వేశాడు.

"రెండెరుపు, ఒక తెలుపు. అయిపాయ" అన్నాడు మహానంది. "జాతర అయిన మర్నాడు కంకర తోలుకో ప్రకాషా."

ఆడవాళ్లు చావడి లోపలికి రారు, గడప బయట నిలబడతారు. అక్కడ నుంచి కస్తూరమ్మ గొంతు వినిపించింది.

"ఒక్క మాట బావా. నాలుగిండ్లకూ ఒక కండె, ఎనభై మూడిండ్లకూ ఒక కండేనా? ఇదేం లెక్క?"

ప్రకాష్ నవ్వాడు. "ఏం తిమ్మప్పా, మీ ఇంట్లో పంచె ఎవురు కడతారు, కోక ఎవురు కడతారు?"

అందరూ గొల్లున నవ్వారు. మహానంది మాత్రం నవ్వలేదు. కుండ వైపు వేలు చూపించాడు.

"కుండ మీద ఆడమనిషి నోరు పడె. మైల పడె. నీ ఇంటి మైల నువ్వే తుడవాల తిమ్మప్పా. తీయ్ తువ్వాల."

తల్లి వెనకే నిలబడి వీణ అంతా చూసింది. నాయిన భుజం మీద తువ్వాల తీశాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. కుండ చుట్టూ మూడుసార్లు తుడిచాడు. తుడుస్తున్నంతసేపూ ఎవరి మొహమూ చూడలేదు. ఎవడో సెల్లులో తీసి సంఘం వాట్సాప్‌లో పెట్టాడు. పద్నాలుగు సెకండ్ల వీడియో. దాని కింద నవ్వే బొమ్మలు వరసగా.

ఆ రోజు నుంచి తిమ్మప్ప ఉత్త భుజంతోనే తిరుగుతున్నాడు. మగ్గం మీద కూర్చుంటే లేవడు, లేస్తే మాట్లాడడు. వీణ నోటుబుక్కులో ఆ రోజు తేదీ వేసి ఒకటే వాక్యం రాసింది: "మహానంది పెదనాయిన అదే కుండ అట్లే తుడవాల." మర్నాడు కూడా అదే రాసింది. ఆ మర్నాడూ అదే.

రాయడమైతే రాసింది గానీ ఎట్లా తుడిపించాలో తెలియలేదు. దారి చూపించింది సోషల్ పాఠం.

సావిత్రమ్మ టీచర్ బోర్డు మీద మూడు గళ్లు గీసింది. "ఫ్రాన్సు దేశంలో విప్లవానికి ముందు జనాన్ని మూడు వర్గాలు చేశారు. మొదటిది మతగురువులు. రెండోది ప్రభువులు. మూడోది మిగతా అందరూ. రైతులు, కూలీలు, నేతగాళ్లు, అంగళ్లవాళ్లు, చదువుకున్న వకీళ్లు కూడా. నూటికి తొంభై ఏడు మంది ఈ మూడో గడిలోవాళ్లే. కానీ రాజు సభ పెడితే వర్గానికి ఒక్క ఓటు. మొదటి రెండూ ఒకటైతే మూడోదాని పని..."

"అయిపాయ" అంది వీణ, తనకు తెలియకుండానే.

క్లాసంతా వెనక్కు తిరిగి చూసింది. ఈ పిల్లకు నోరుందా అన్నట్టు చూశారు. వీణ చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆ రోజు ఆగలేకపోయింది. లేచి నిలబడింది.

"మరి వాళ్లేం చేసిరి టీచర్?"

"నూట డెబ్బై ఐదేళ్లు రాజు అసలు సభే పెట్టలేదు. ఖజానా ఖాళీ అయ్యాక పన్నుల కోసం పిలిచాడు. అప్పుడు మూడోవాళ్లు వర్గానికి ఒక ఓటు వద్దు, తలకో ఓటు కావాలన్నారు. ఒక పొద్దున వచ్చేసరికి సభ తలుపులకు తాళం. బయట వాన. పక్కన బంతాట ఆడే శాల ఉంటే అందులోకి పోయి, మేం విడిపోం అని ప్రమాణం చేశారు."

"ప్రమాణం చేస్తే రాజు భయపడతాడా? వాళ్ల చేతిలో ఏముండె?"

సావిత్రమ్మ సుద్దముక్క కింద పెట్టింది. ఈ పిల్ల పరీక్ష కోసం అడగడం లేదని ఆమెకు అర్థమైంది.

"పన్ను ఉండింది. అడిగేటప్పుడు ఇంటింటికీ, మనిషి మనిషికీ వచ్చి అడుగుతారు. ఓటు దగ్గరకొచ్చేసరికి మీరందరూ కలిసి ఒకటే అంటారు. మా సభను సాగనివ్వకపోతే ఆ పన్నులు చెల్లవు అన్నారు వాళ్లు. అదీ వాళ్ల చేతిలో ఉన్నది."

వీణ కూర్చుంది. మిగతా పాఠం వినలేదు. నోటుబుక్కు వెనక అట్ట మీద రాసుకుంది: "అడిగేటప్పుడు ఇంటికి. ఓటుకు వరసకు." దాని కింద పెద్ద అక్షరాలతో: "మన ఊళ్లో ఇంటింటికీ అడిగేది ఏంది?"

బడి నుంచి ఇంటికి నడిచే దారిలో, పత్తి చేను గట్టు మీద, జవాబు దొరికింది. దొరకగానే చెప్పులు చేత పట్టుకుని పరిగెత్తింది.

చౌడమ్మ చీర!

ప్రతి జాతరకూ అమ్మవారికి కొత్త చీర నేస్తారు. దాని పడుగు ఒక ఇంటిది కాదు. ఊళ్లో ప్రతి ఇల్లూ పసుపులో తడిపిన నలభై పోగులు ఇవ్వాలి. పడుగు బయల్లో రెండు గుంజల మధ్య ఆ పోగులు కట్టాలి. మగవాడు గంజి పెట్టవచ్చు, నేయవచ్చు, నేసిన చీరను నెత్తిన పెట్టుకుని ఊరేగించవచ్చు. పోగు కట్టేది మాత్రం ఆ ఇంటి ఆడమనిషే. ఒకరి వంతు ఇంకొకరు కట్టకూడదు. ఏ ఇంటి పోగులు ఎక్కడో కూడా తాతల నాడే తేలిపోయింది. ఎడమ అంచు నూలు వరసది, కుడి అంచు సొంత వరసది. నడిమి చీరంతా కూలి వరసది.

కస్తూరమ్మ రాట్నం ముందు కండెలు చుడుతోంది. వీణ రొప్పుతూ వచ్చి పక్కన కూలబడి ఆ మాట చెప్పింది. తల్లి చెయ్యి ఆగిపోయింది.

"అమ్మోరికి ఎగ్గొట్టాలనా? కండ్లు పోతాయి మే!"

"ఎగ్గొట్టొద్దు. ఇద్దాం. వాళ్ల లెక్కనే ఇద్దాం. వరసకో కండె అయితే, వరసకో పోగు."

కస్తూరమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకోవాల్సి వచ్చింది. అవతల మగ్గం మీద మొగుడు ఉన్నాడు మరి.

"ఇంత ఇసం కడుపులో యాడ దాచినావే?"

"బియ్యం డబ్బా కింద."

కస్తూరమ్మ మేకుకున్న తువ్వాల వైపు ఒకసారి చూసింది. రాట్నం పక్కకు జరిపింది. "ఆడోళ్లకు మాత్రమే తెలియాల. మగోళ్ల చెవిన పడిందా, ఒకడు కాకపోతే ఒకడు పోయి మహానంది కాళ్ల కాడ పడతాడు."

రోజూ సాయంత్రం చుట్టిన కండెలు ఇండ్లకు చేర్చేది వీణే. ఆ వారం కండెలతోపాటు ఒక మాట కూడా చేర్చింది. పెద్ద పెద్ద మాటలు ఆ పిల్లకు చేతకావు. అందుకే ఒక్క వాక్యం కంఠతా పట్టుకుని పోయింది: "అక్కా, అమ్మోరి చీరకు ఈ తూరి మన వరసంతా కలిసి ఒకటే పోగంట, వాళ్లు మనకు ఒకటే కండె ఇచ్చినట్ల." కొందరు పకపకా నవ్వారు. కొందరు అమ్మవారిని తలుచుకుని లెంపలేసుకున్నారు. హుసేనమ్మ అనే ముసలామె తలుపు వేసి మరీ అడిగింది.

"మా ఆయప్పకు తెలిస్తే తంతాడు కదే?"

"సెప్పొద్దవ్వా. అడిగితే ఆడోళ్ల పని అను. వాళ్లే కదా అట్లనేది."

"బయలు పోతే నా కొడుకు యాడ సాపుతాడు పడుగు, నా నెత్తి మీదనా?" అని తనకు తానే చెప్పుకుని హుసేనమ్మ తల ఊపింది. "సరే పో. నా నలభై పోగులు నా కొంగులోనే ఉంటాయి."

జాతర ఇంకా ఏడు రోజులుందనగా పడుగు సాపే రోజు వచ్చింది. ఆ ఏడు చీర మోసే వంతు మహానందిది. ఊరి మొదట్లోనే పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. ఇంకా పుట్టని చీరను నెత్తిన పెట్టుకుని దాంట్లో నవ్వుతున్నాడు. ఆదోని నుంచి, పత్తికొండ నుంచి చుట్టాలను పిలిచాడు. కాబోయే వియ్యాలవారి ముందు ఊరేగాలని జరీ అంచు తువ్వాల కొన్నాడు. ఆ పొద్దు అది భుజాన వేసుకునే వచ్చాడు.

పడుగు పెద్ద లక్ష్మప్ప తాత గుంజ దగ్గర కూర్చున్నాడు. ఎనభై ఏండ్లాయనకు. చూపు మందగించింది గానీ పోగు మీద చెయ్యి పడితే అది ఏ ఇంటిదో చెప్తాడు. నూలు వరస ఆడవాళ్లు నలుగురూ వచ్చి ఎడమ అంచు కట్టిపోయారు. సొంత వరస ఆడవాళ్లు పదిహేడు మందీ వచ్చి కుడి అంచు కట్టిపోయారు. మహానంది పెండ్లాం జ్యోతి అందరికంటే చివర కట్టి, కొంగు సవరించుకుని పక్కన నిలబడింది.

కూలి వరస ఆడవాళ్లు ఎనభై మూడు మందీ బయలు పొడుగునా నిలబడ్డారు. అందరి కొంగులకూ ముడులున్నాయి. ఒక్కరూ ముందుకు రాలేదు.

"తిమ్మప్ప ఇల్లు!" అని పిలిచాడు తాత.

కస్తూరమ్మ ముందుకు వచ్చింది. వేళ్ల మధ్య పచ్చటి పోగు ఒక్కటి. ఈ గుంజకు కట్టింది, ఆ గుంజ దాకా నడిచి రెండో కొస కట్టింది. తిరిగి వచ్చి దండం పెట్టుకుంది.

"మిగతా ముప్పై తొమ్మిది యాడమ్మా?" అన్నాడు తాత తడుముకుంటూ.

"ఇది మా ఇంటిది కాదు మామా. మా వరసది. చావడిలో మా ఎనభై మూడిండ్లకూ ఒక్క కండె అంటిరి. అందుకని ఎనభై మూడిండ్లకూ ఒక్క పోగు."

గాలి వీచింది. అటు ఒక అంచు, ఇటు ఒక అంచు, వాటి నడుమ మూరల కొద్దీ ఖాళీ. ఆ ఖాళీలో ఒకే ఒక్క పచ్చ పోగు ఊగుతోంది. దాని అవతల పత్తి చేను కనపడుతోంది.

ముందు నవ్వింది హుసేనమ్మ. "అంచులైతే బలేగుండాయి మహానందీ. చీర ఏదప్పా? అమ్మకు ఉత్త అంచులు కడతావా?"

ఆడవాళ్ల నవ్వు బయలంతా పాకింది. మహానంది మొహం నల్లబడింది. కూలి వరస మగవాళ్ల వైపు తిరిగి అరిచాడు. "ఏమిరా, సూస్తాండారా? మీ ఆడోళ్లకు సెప్పండి!"

మగవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్లకు నిజంగానే ఏమీ తెలియదు. చివరికి ఒకడు గొణిగాడు: "పోగు కట్టేది ఆడోళ్ల పని కదన్నా. మేమెట్ల దూరేది?"

"ఆ నడిమి పోగులు నేను తెప్పిస్తా" అన్నాడు ప్రకాష్ సెల్లు తీస్తూ. "ఆదోని నుంచి మధ్యాహ్నానికల్లా కట్టలు కట్టలు దించుతా."

లక్ష్మప్ప తాత కర్ర నేలకేసి కొట్టాడు. "దించు. దించి నీ ఇంటి కిటికీకి కట్టుకో. ఒకరి వంతు ఇంకొకరు కడితే చౌడమ్మ కట్టుకోదు. నా తాత చెప్పినాడు, నేను చెప్తాండా. ఇంటి పోగు ఇంటిదే."

వీణ ఆ ఒంటి పోగును కన్నార్పకుండా చూసింది. కడుపులో ఎక్కడో చల్లగా అయింది. కానీ ఆ చల్లదనం చాలలేదు. కుండ ఇంకా చావడిలోనే ఉంది.

ఆ రోజు గడిచింది, మర్నాడూ గడిచింది. రెండంచుల పడుగు బయల్లో అట్లే నిలబడి ఉంది. పక్క ఊళ్ల వాళ్లు బండి ఆపి మరీ చూసిపోతున్నారు. ఎవరో ఫోటో తీసి, మహానంది ఫ్లెక్సీ పక్కన అతికించి పంపారు. ఈసారి నవ్వే బొమ్మలు వేరేవాళ్ల ఫోటో కింద పడ్డాయి. ఆదోని చుట్టాల నుంచి ఫోను వచ్చింది: "ఏం బావా, చీర ఉంటాదా ఉండదా? మేం రావాల్నా వద్దా?"

మూడో రోజు పొద్దున మహానంది ఇండ్లకు బయలుదేరాడు. జరీ తువ్వాల రెండు చేతుల మీదా పరుచుకుని గడప గడపకూ అడిగాడు. ఆడవాళ్లు, "మాకేం తెలుసు బావా, మగోళ్లు చావడిలో ఏం తేలిస్తే అది" అన్నారు. మగవాళ్లు, "ఆడోళ్ల పని కదన్నా" అన్నారు. ఎనభై రెండు గడపలు తిరిగి, మిట్టమధ్యాహ్నానికి తిమ్మప్ప గడప దగ్గరకు వచ్చాడు.

తలుపు తీసింది వీణ. ఎదురుగా ఖాళీ తువ్వాల. లోపలికి పరిగెత్తి రాట్నం వెనక దూరాలనిపించింది. లోపల మేకుకున్న మరక గుర్తొచ్చి కాళ్లు కదలలేదు.

"మీ నాయిన్ను పిలువు పాపా."

"నాయిన కాదు పెదనాయినా. అమ్మ మాట్లాడతాది."

కస్తూరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "రెండే మాటలు బావా. ఇంక చావడిలో ఇంటికో కండె. ఆ లెక్కన పడుగు బయలు మాట మళ్లా కుండలో పడాల. ఆ పొద్దే మా పోగులు కడతాం."

"తాతల నాటి కట్టుబాటు అది!"

"పోగు కూడా తాతల నాటిదే. మీరు దాన్ని పట్టుకుంటే మేం దీన్ని పట్టుకుంటాం."

జాతరకు అయిదు రోజులుంది. నేయడానికే నాలుగు కావాలి. మహానంది తువ్వాల మడిచి భుజాన వేసుకున్నాడు. "సరే. రేపు పొద్దున."

మర్నాడు చావడి చాలక, కుండను పడుగు బయల్లోకే తెచ్చి గుంజ పక్కన పెట్టారు. మహానంది సొంత వరస మగవాళ్లను ఎర్ర కండెలతో ముందే నిలబెట్టాడు. కూలి వరస మగవాళ్లను కూడా కొందరిని పక్కకు పిలిచి బెదిరించినట్టున్నాడు. వాళ్ల చూపులు నేల మీదున్నాయి. ఆ చూపులు వీణకు బాగా తెలుసు. వంగి కుండ తుడిచేటప్పటి చూపులు అవి.

అప్పుడు లక్ష్మప్ప తాత అన్నాడు: "ఇంటి లెక్క అంటిరి కదా. నాకు తెలిసిన ఇంటి లెక్క ఒకటే. ఇంటి పోగు ఎవురు కడితే ఇంటి కండె వాళ్లే ఏస్తారు."

"అంటే ఆడోళ్లా?" అన్నాడు ప్రకాష్.

"మరి పోగు నువ్వు కడతావా?"

మహానంది ఒక్క క్షణం ఆలోచించాడు. ఎండ ఎక్కుతోంది, గంజి గిన్నెలో చిక్కబడుతోంది, చుట్టాలు ఫోన్లు చేస్తున్నారు. "ఎవురో ఒకరు. కానీండి బిరీన" అన్నాడు. ఆ మాట ఆయన ఎందుకన్నాడో తర్వాత చాలా రోజులు తలుచుకుని ఉంటాడు.

నూట నాలుగు మంది ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చారు. గలగలమంటూ గాజులు, టకటకమంటూ కండెలు. జ్యోతి వంతు వచ్చింది. మొగుడి చేతిలో ఎర్ర కండె ఉంది. ఆమె దాన్ని తీసుకోలేదు. తన కొంగు ముడి విప్పి తెల్లది తీసి కుండలో వేసింది. "మన పాప పెండ్లి చీర నేసేది తిమ్మప్పే. పడుగు యాడ సాపుతాడు మరి?" అని మెల్లగా అని, పక్కకు తప్పుకుంది. సొంత వరస ఆడవాళ్లు ఇంకో ఏడుగురు కూడా తెల్లదే వేశారు.

తాత లెక్క చెప్పాడు. ఎరుపు పదమూడు. తెలుపు తొంభై ఒకటి.

ఎనభై మూడు ఇండ్ల ఆడవాళ్లు ఒక్కసారిగా కొంగు ముడులు విప్పారు. పచ్చటి పోగులు ఈ గుంజ నుంచి ఆ గుంజకు పారాడాయి. ఖాళీ పూడుతూ వచ్చింది. పత్తి చేను కనపడడం మానేసింది. నలభై పోగుల వెడల్పున ఒక్క సందు మాత్రం మిగిలింది.

"తిమ్మప్ప ఇల్లు!" అన్నాడు తాత.

కస్తూరమ్మ పోగులు తీసి కూతురి చేతికిచ్చింది. వీణ గుంజ దాకా నడిచింది. కట్టలేదు. పోగులు పట్టుకుని నిలబడింది.

"ఏమైంది పాపా? కట్టు" అన్నాడు మహానంది.

వీణ నోరు తెరిచింది. ఊరంతా తననే చూస్తోంది. అయినా కుండ వైపు వేలు చూపించింది.

"ఆ పొద్దు మా యమ్మ ఒక్క మాట అంటే కుండ మైల పడిందంటివి కదా పెదనాయినా. ఈ పొద్దు నూట నాలుగు మంది ఆడోళ్ల చేతులు పడినాయి దాని మీద." పోగులు గుప్పిట్లో బిగించింది. "తుడువు."

మహానంది భుజం మీది జరీ తువ్వాలను బిగించి పట్టుకున్నాడు.

"చాలు పాపా" అన్నాడు తిమ్మప్ప వెనక నుంచి. మూడు వారాల్లో ఆయన నలుగురిలో మాట్లాడిన మొదటి మాట అది. "గెలిస్తిమి కదా. ఇడిసిపెట్టు."

వీణ వెనక్కు తిరగలేదు. తిరిగితే నాయిన మొహం చూడాలి, చూస్తే విడిచిపెట్టేస్తుంది. అందుకే చూపు కుండ మీదే నిలిపింది.

"ఆ పొద్దు మా నాయిన్ను ఎవురూ చాలు అనలే" అంది.

మహానంది చుట్టూ చూశాడు. ప్రకాష్ సెల్లులో ఏదో వెతుక్కుంటున్నాడు. జ్యోతి తల తిప్పుకుంది. ఆడవాళ్ల చేతుల్లో ఫోన్లు లేచి ఉన్నాయి, ఒకటి కాదు, రెండు కాదు. గంజి గిన్నె మీద మీగడ కట్టింది. నలభై పోగుల సందులో నుంచి పత్తి చేను సన్నగా కనపడుతోంది.

ఆయన జరీ తువ్వాల తీశాడు. మోకాళ్ల మీద కూర్చోవడానికి కొంచెం కష్టమైంది, పొట్ట అడ్డం వచ్చింది. కుండ చుట్టూ ఒకసారి తుడిచాడు. లేవబోయాడు.

"మూడుసార్లు" అంది వీణ.

మూడుసార్లూ తుడిచాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడమే ఆయనకు ఎక్కువ బరువైనట్టు, తువ్వాలను భుజాన వేసుకోకుండా చేతిలో ఉండ చుట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా పోయాడు. దాని మీద అరచేయంత మరక. పసుపూ కుంకుమా దుమ్మూ.

వీణ నలభై పోగులూ కట్టింది. ఒక ముడి జారితే విప్పి మళ్లీ వేసింది. తాత వేళ్లతో పడుగంతా తడిమి, "నిండింది" అన్నాడు.

ఇంటికి రాగానే మేకుకున్న తువ్వాల తీసింది. బకెట్లో నీళ్లు పట్టి, సబ్బుబిళ్ల తెచ్చి, పెరట్లో బండ మీద వేసి రుద్దింది. మరక మొండిది. మూడు వారాల మరక. కస్తూరమ్మ గుమ్మానికి ఆనుకుని చూసింది.

"ఆయప్ప వంగినప్పుడు నాకు కడుపులో ఎట్లనో అయింది మే. నీకు కాలేదా?"

"కాలేదు" అంది వీణ. ఇంకా రుద్దుతూనే ఉంది. "నీకు నాయిన వంగినప్పుడు కాలేదా?"

కస్తూరమ్మ వచ్చి పక్కన కూర్చుని, తువ్వాల రెండో కొస పట్టుకుని పిండింది. దండెం మీద ఆరేశారు. పొద్దు వాలేలోగా ఆరిపోయింది. మగ్గం గుంతలో కూర్చున్న తిమ్మప్ప భుజం మీద వీణ దాన్ని తెచ్చి వేసింది. ఆయన ఒక చేత్తో దాన్ని సర్దుకుని, గుంతలోని పావుకోళ్ల చెక్కలు కాళ్లతో తొక్కాడు. మగ్గం చప్పుడు మొదలైంది.

ఆ రాత్రి నోటుబుక్కులో రోజూ రాసే వాక్యం వీణ రాయలేదు. రాయాల్సిన అవసరం లేకపోయింది.